టూర్ డి ఫ్రాన్స్ చూడ్డానికి స్నేహితులతో వెళ్తున్నారా? ఒక్క కొండ ఎంచుకోండి

టూర్ డి ఫ్రాన్స్ అంటే ఏటా వేసవిలో ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిల్ రేసు, రోజుకో స్టేజీ చొప్పున సాగుతుంది. దాని గురించి శ్రీకాకుళం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "నలుగురు స్నేహితులం వచ్చే జులైలో టూర్ డి ఫ్రాన్స్ చూడ్డానికి వెళ్దామనుకుంటున్నాం. పది పన్నెండు రోజుల సెలవు దొరుకుతుంది. ఎన్ని స్టేజీలు చూడొచ్చు? క్యాంపర్ వ్యాన్ (లోపలే పడుకునే బండి) అద్దెకు తీసుకుంటే మంచిదా, హోటల్ మంచిదా? వీసాకి ఎప్పుడు పెట్టుకోవాలి, మనిషికి ఎంతవుతుంది? మాలో ఒకడికి సైక్లింగ్ మీద పెద్ద ఆసక్తి లేదు, వాడి సంగతేమిటి? మన జెండా పట్టుకెళ్ళొచ్చా?"

తమ్ముడూ, ముందు మొదటి ప్రశ్నకే జవాబు చెప్తాను. మిగతావన్నీ దాన్ని బట్టే ఉంటాయి. మూడు స్టేజీలకు మించి పెట్టుకోకండి. వాటిలో ఒకటి పెద్ద కొండ అయ్యుండాలి. ఆ కొండ కిందికి రేసు కంటే కనీసం రెండు రోజుల ముందు చేరుకోవాలి. మిగతా రెండూ కుదిరితే సరే, కుదరకపోయినా బాధ లేదు.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మాది విజయనగరం, గంటస్తంభం దగ్గర ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. ఆదివారం తెల్లవారుజామున ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ రోడ్డులో సైకిల్ తొక్కే ఒక చిన్న గుంపు ఉంది మాకు. ఆ గుంపులోంచే ముగ్గురం 2018లో మొదటిసారి ఫ్రాన్స్ వెళ్ళాం. నిజానికి నలుగురం వెళ్ళాల్సింది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

మొత్తం 21 స్టేజీలు, 23 రోజుల రేసు కదా, అందులో వరసగా నాలుగు రోజులు కారేసుకుని వెంటపడితే నాలుగు స్టేజీలు చూసేయొచ్చని లెక్కేశాం. మ్యాప్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నాయి. జులై 17న ల గ్రాన్ బోర్నాన్ దగ్గర బాగానే చూశాం. అంతకు రెండు రోజుల ముందే ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్ గెలిచింది, ప్రతి ఊళ్ళోనూ బాల్కనీలకు జెండాలే. ఆ రోజు స్టేజీ గెలిచింది కూడా వాళ్ళ కుర్రాడే, జూలియన్ అలఫిలిప్. మాకు ధైర్యం వచ్చేసింది. 18న లా రోజియేర్ కొండ ఎక్కాలి. మేం వెళ్ళేసరికి కింద బారికేడ్లు పెట్టేశారు, కారు పైకి పోదు. కారు ఎక్కడో దూరంగా పెట్టి, నడిచి, చివరికి జనం వెనకాల హెల్మెట్లు మాత్రం చూశాం. 19న ఆల్ప్ దుయెజ్, టూర్‌లో పేరున్న కొండ. అసలు మేం ఇంటి దగ్గర్నుంచి బయల్దేరిందే దాని కోసం. గ్రెనోబుల్ నుంచి అటు పోయే రోడ్డులో, వీజీల్ అనే ఊరి దగ్గర, బండి కదల్లేదు. మధ్యాహ్నానికి ఆశ వదులుకుని ఒక కెఫేలో కూర్చుని టీవీలో చూశాం. ఇంట్లో సోఫాలో కూర్చుని చూసేదే కదా అని మా లెక్చరర్ మిత్రుడు మాట్లాడకుండా కాఫీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది. 20న వాలెన్స్ దగ్గర మూడు గంటలు ఎండలో నిలబడ్డాం. స్ప్రింట్ స్టేజీ అది, చదును దారి, గుంపంతా చివరిదాకా కలిసే వస్తుంది. గుంపంతా ఒక్క గాలి విసురులా వచ్చి వెళ్ళిపోయింది. పదిహేను సెకన్లు కూడా పట్టలేదు. గెలిచింది పీటర్ సగాన్ అని ఫోన్లో చూస్తే తెలిసింది. "ఏట్రా, ఇంతేనా?" అన్నాడు మా బొబ్బిలి స్నేహితుడు.

నాలుగు రోజుల్లో కారులో గడిపిన గంటలే ఎక్కువ. ముగ్గురి మధ్యా మాటలు తగ్గిపోయాయి. ఎవరి తప్పు అని కాదు, నిద్ర లేక.

తిరిగి వచ్చాక ఆ అక్టోబరులో మా పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూస్తూ నిలబడినప్పుడు నాకు విషయం అర్థమైంది. మీరు కూడా ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటారు. పూజారి చివర కూర్చునే పొడవాటి మాను, అదే సిరిమాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. పల్లెల నుంచి జనం ముందు రోజు రాత్రే వచ్చేస్తారు. పిల్లలు, పులిహోర డబ్బాలు, దుప్పట్లు. ఒక అరుగు పట్టుకుని కూర్చుంటారు. సిరిమాను ఎదురుగా వచ్చినప్పుడు అరటిపళ్ళు విసిరి దండం పెట్టుకుంటారు. ఆ కాసేపటి కోసం పగలంతా కూర్చున్నామని ఎవరూ అనుకోరు, ఆ పగలంతా పండగే. ఆటో మాట్లాడుకుని సిరిమాను వెనకాల పరిగెత్తేవాడు ఎవడూ ఉండడు. టూర్ డి ఫ్రాన్స్ కొండ మీద కూడా అచ్చం అంతే. ఈ సంగతి తెలిసిన ఊళ్ళో పుట్టి కూడా అక్కడ మేం కారేసుకుని రేసు వెనకాల పరిగెత్తాం.

అందుకని 2022లో మళ్ళీ వెళ్ళినప్పుడు ఒక్క ఆల్ప్ దుయెజ్ మాత్రమే పెట్టుకున్నాం. కొండ కింద బూర్ ద్వాజాన్ అనే ఊళ్ళో నాలుగు రాత్రులు ఉన్నాం. కొండ వివరం చెప్తాను, ఎందుకంటే మీరు ఏ కొండ ఎంచుకున్నా ఇలాగే ఆలోచించాలి. 13.8 కిలోమీటర్ల ఎక్కుడు, సగటున వందకు ఎనిమిది మీటర్లు పైకి లేస్తుంది. 21 మలుపులు. అంకెలు పైనుంచి కిందికి వేశారు, కింద మొదట తగిలేది 21వది. ఒక్కో మలుపు దగ్గర ఈ కొండ మీద గెలిచినవాళ్ళ పేర్లతో బోర్డు ఉంటుంది. 1952లో మొదటిసారి టూర్ ఈ కొండెక్కినప్పుడు గెలిచింది ఇటలీ వీరుడు ఫౌస్టో కోపి. ఏడో మలుపు డచ్ వాళ్ళది, అక్కడ నారింజ రంగు, పాటలు, బీరు, పెద్ద గోల. కుర్రాళ్ళు కదా మీరు, అటు వెళ్ళాలనిపిస్తుంది. కానీ రేసు సరిగ్గా చూడాలంటే ఆ మలుపుకి దూరంగా ఉండండి.

రేసుకి రెండు రోజుల ముందు అద్దె సైకిళ్ళ మీద మేం కూడా ఆ కొండ ఎక్కాం. ఊళ్ళోనే అద్దెకిచ్చే షాపులున్నాయి, టూర్ వారంలో మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. నాకు గంటా యాభై నిమిషాలు పట్టింది. రేసులో ముందుండేవాళ్ళకి 40 నిమిషాలకి అటూ ఇటూ. అదీ అంతకు ముందే రెండు మహా కొండలు ఎక్కి దిగి వచ్చాక. మొదటి రెండు కిలోమీటర్లే అన్నిటికంటే నిటారు. అక్కడ నా గుండె చప్పుడు నాకే వినిపించింది. సొంతంగా ఒకసారి ఎక్కాక వాళ్ళని చూసే చూపే మారిపోతుంది, వీలైతే ఇది మాత్రం మానకండి.

రేసు రోజు, జులై 14, ఉదయం అయిదుకి నడక మొదలుపెట్టాం. పెద్ద కొండల మీద కార్లకి దారి చాలా ముందే మూసేస్తారు, కొన్నిచోట్ల ముందు రోజే. నడిచేవాళ్ళని, సైకిళ్ళని ఇంకా కొంతసేపు పోనిస్తారు. లా గార్డ్ అనే చిన్న ఊరు దాటి 14వ మలుపు దగ్గర ఆగాం. ఎందుకు అక్కడ? మలుపు నుంచి కిందికి చూస్తే ఇంకో రెండు మెలికల రోడ్డు కనిపిస్తుంది, వాళ్ళు వచ్చేది ముందే తెలుస్తుంది. వెనకాల రాతి గోడ ఉంది, ఆనుకోవచ్చు. ఎండ మధ్యాహ్నం తర్వాత కాస్త పక్కకి పోతుంది. చోటు ఎంచుకునేటప్పుడు ఈ మూడూ చూసుకోండి. నిటారుగా ఉన్న చోటైతే ఇంకా మంచిది, రైడర్లు నెమ్మదిగా పోతారు, ముఖాలు చూడొచ్చు.

టికెట్ ఏమీ లేదు. ప్రపంచంలో ఇంత పెద్ద పోటీని రోడ్డు పక్కన ఉచితంగా, చేయి చాస్తే తగిలేంత దగ్గరగా చూడొచ్చు. నాకు ఈ రేసంటే ఇంత ఇష్టం ఉండటానికి అదొక కారణం.

మా పక్కన ఒక ముసలి దంపతులు క్యాంపర్ వ్యాన్ పెట్టుకుని మూడు రోజుల నుంచి ఉన్నారు. వాళ్ళకి ఇంగ్లిష్ రాదు, మాకు ఫ్రెంచి బోంజూర్, మెర్సీ దాకానే. మా బొబ్బిలి స్నేహితుడు సంచిలోంచి చిన్న వీణ బొమ్మ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. అరచేయంత ఉంటుంది, మన బొబ్బిలి వీణే. ఆవిడ తీగ మీద వేలు పెట్టి ఒకసారి మీటింది, నవ్వింది, లోపలికెళ్ళి రెండు కుర్చీలు తెచ్చింది. అప్పట్నుంచి వాళ్ళ గొడుగు నీడ మాది, వాళ్ళ టీవీ మాది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, అంతమంది జనం ఉన్న కొండ మీద ఫోన్ నెట్‌వర్క్ పనిచేయదు. లైవ్ పెట్టుకుందామంటే గిరగిరా తిరుగుతుంది తప్ప బొమ్మ రాదు. టీవీ ఉన్న వ్యాన్ పక్కన చోటు చూసుకోవడం, వాళ్ళతో మర్యాదగా కలవడం పెద్ద అదృష్టం. ఊరి గుర్తుగా ఏదైనా చిన్నది పట్టుకెళ్ళండి. మీకైతే శ్రీకాకుళం దగ్గర పొందూరు ఖద్దరు చేతి రుమాలు చాలు.

రైడర్లు రావడానికి దాదాపు రెండు గంటల ముందు ప్రచార బండ్ల ఊరేగింపు వస్తుంది. 1930 నుంచి ఉన్న ఆనవాయితీ. కంపెనీల వాళ్ళు వింత వింత ఆకారాల బండ్ల మీద పాటలు పెట్టుకుని టోపీలు, మిఠాయిలు, కీచైన్లు విసురుతూ పోతారు. ఎరుపు తెలుపు గళ్ళ గుడ్డ టోపీ ఒకటి విసురుతారు, దాని కోసం పెద్దవాళ్ళు కూడా చిన్నపిల్లలైపోతారు. బండి కిందికి పోయిన వస్తువు కోసం మాత్రం వంగకండి, వెనకాల ఇంకో బండి వస్తూనే ఉంటుంది.

ఆ తర్వాత ఒక నిశ్శబ్దం. అప్పుడు లోయలో హెలికాప్టర్ చప్పుడు. సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో కింద మెలికలో జనం అరుపు మొదలై, మలుపు మలుపూ ఎక్కి మా దాకా వచ్చింది. ముందు గుంపు అప్పటికే చెదిరిపోతోంది. టామ్ పిడ్‌కాక్, 22 ఏళ్ళ కుర్రాడు, ఆ రోజు గెలిచింది అతనే. గాలిబియే కొండ దిగేటప్పుడు అతను తొక్కిన వేగం ముసలాయన టీవీలో చూసి మేమంతా ఊపిరి బిగబట్టాం. వెనకాల మెయింటీస్, ఆ వెనక క్రిస్ ఫ్రూమ్. నాలుగుసార్లు టూర్ గెలిచి, 2019లో ఘోరంగా పడి ఎముకలు విరగ్గొట్టుకున్న మనిషి ఆ రోజు మూడోవాడిగా వచ్చాడు. ఫ్రూమ్ కనిపించగానే కొండంతా అరిచింది. తర్వాత పసుపు జెర్సీలో వింగెగార్డ్ (అన్ని స్టేజీల మొత్తం లెక్కలో ముందున్నవాడు వేసుకునేది అది), అతన్ని వదలకుండా అతని పెద్ద పోటీదారు పొగాచర్. పొగాచర్ నా మోకాలికి మీటరు దూరంలో పోయాడు. ముక్కు చివర నుంచి ఒక చెమట చుక్క హ్యాండిల్ మీద పడటం చూశాను. టీవీలో ఎన్నేళ్ళు చూసినా కనిపించనిది అదే.

ఇప్పుడు మిగతా విషయాలు. రూటు అంతకు ముందు సంవత్సరం అక్టోబరు చివర్లో పారిస్‌లో ప్రకటిస్తారు. ఆ రోజు రాత్రికే ఏ కొండో తేల్చుకుని రూము బుక్ చేయండి, డబ్బు వాపసు వచ్చేలా ఉన్నది చూసి. వారం ఆగితే కొండ కింద ఊళ్ళలో ఏమీ మిగలదు. వీసా ఇంకా రాలేదు కదా అని ఆగొద్దు, వాపసు వచ్చే బుకింగ్ అందుకే. మొదలయ్యే ఊరు ఫ్రాన్స్‌లోనే ఉంటుందనుకోకండి. 2023లో స్పెయిన్‌లోని బిల్బావో, 2024లో ఇటలీలోని ఫ్లోరెన్స్. ముగింపు కూడా 2024లో ఒలింపిక్స్ వల్ల పారిస్ కాకుండా నీస్‌లో జరిగింది. ప్రకటించిన రూటు చూశాకే అడుగు వేయండి.

షెంజెన్ వీసాకి (ఫ్రాన్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి పనిచేసే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందు పెట్టాలని రూలు, కానీ వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకవు. మార్చిలోనే పెట్టేయండి. మేం రాత్రి రైలెక్కి హైదరాబాద్ వెళ్ళి వేలిముద్రలిచ్చి వచ్చాం. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, రోజులు సమానమైతే మొదట దిగే దేశానికి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, సర్వీస్ చార్జీ వేరు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాస్‌పోర్టు మీరు తిరిగి వచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలైనా చెల్లుబాటులో ఉండాలి, పదేళ్ళ లోపు జారీ అయినదై ఉండాలి.

స్నేహితులంతా ఒకే రోజు ఒకే కవరింగ్ లెటర్‌తో వెళ్ళినా, వీసా ఎవరిది వారికే. 2018లో మాలో నాలుగో అతనికి రాలేదు. అతను కాంట్రాక్టు పనులు చేసుకుంటాడు, ఖాతాలో డబ్బు పెద్దగా నిలవదు. స్టేట్‌మెంట్ బాగా కనిపించాలని అప్లై చేసే ముందు వారం బంధువుల దగ్గర తెచ్చి రెండు లక్షలు వేశాడు. చూసేవాళ్ళకి అది ఇట్టే తెలిసిపోతుంది. తప్పు మాదే, ముందే కూర్చుని చెప్పుకోవలసింది. మీ నలుగురిలో జీతగాళ్ళు ఎవరో, సొంత పని చేసుకునేవాళ్ళు ఎవరో ఇప్పుడే చూసుకోండి. జీతగాళ్ళకి శాలరీ స్లిప్పులు, ఆఫీసు సెలవు లెటర్ ఉంటాయి. సొంత పని వాళ్ళకి ఐటీ రిటర్నులు, జీఎస్టీ కాగితాలే ఆధారం. అక్టోబరు నుంచే ఖాతాలో డబ్బు మామూలుగా తిరుగుతూ ఉండేలా చూసుకోండి. ఒకరికి రాకపోతే మిగతావాళ్ళు వెళ్తారా, అతని వాటా రూము డబ్బు ఎవరు భరిస్తారు? ఈ మాట టికెట్లు కొనక ముందే అనుకోండి. తర్వాత అనుకుంటే స్నేహం దెబ్బతింటుంది.

క్యాంపర్ వ్యాన్ సంగతి. చూడ్డానికి ఎంతో బాగుంటుంది, నిజమే. కానీ మొదటిసారి వెళ్తున్న మీకు నేను వద్దనే చెప్తాను. అక్కడ బండి కుడి వైపున నడపాలి, స్టీరింగు ఎడమ వైపు. అంత పొడుగు బండితో కొండ మలుపులు తిప్పాలి. మంచి చోటు కావాలంటే రెండు మూడు రోజుల ముందే కొండెక్కి పెట్టేయాలి, పెట్టాక కదల్లేరు. నలుగురు మగాళ్ళు ఒక చిన్న వ్యాన్‌లో నాలుగు రోజులు, సరిపడా నీళ్ళు లేకుండా. దానికంటే కొండ కింద ఊళ్ళో రూమో, టెంటు వేసుకునే క్యాంపింగ్ స్థలమో చూసుకోండి. పారిస్ నుంచి గ్రెనోబుల్‌కి రైల్లో మూడు గంటలు, అక్కడి నుంచి బూర్ ద్వాజాన్‌కి బస్సు ఉంది. 2022లో మేం కారే తీసుకోలేదు. ఇంకో కొండ ఎంచుకుని కారు తప్పనిసరైతే ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. ఏడాది పాటు చెల్లుతుంది.

మూడు స్టేజీలన్నాను కదా. కొండ కాకుండా రెండోది టైమ్ ట్రయల్ అయితే దాన్ని వదలొద్దు. అందులో ఒక్కొక్కరిగా, నిమిషం రెండు నిమిషాల తేడాతో వదులుతారు. అంటే ఒకే చోట నిలబడి గంటల తరబడి ప్రతి రైడర్‌నీ విడివిడిగా చూడొచ్చు. మాకు వాలెన్స్‌లో దొరికిన పదిహేను సెకన్లకి ఇది పూర్తి వ్యతిరేకం. టైమ్ ట్రయల్ కుదరకపోతే ఏదైనా స్టేజీ మొదలయ్యే ఊరికి ఉదయమే వెళ్ళండి. టీము బస్సులు వరసగా ఆగి ఉంటాయి, మెకానిక్‌లు సైకిళ్ళు సర్దుతుంటారు, రైడర్లు సంతకం పెట్టడానికి మీ ముందు నుంచే పోతారు. మూడోది పారిస్ ముగింపు. షాంజెలిజే రోడ్డు మీద చుట్లు కొడతారు కాబట్టి ఒకే చోట చాలాసార్లు కనిపిస్తారు.

ఖర్చు: 2022లో పదకొండు రోజులకి మనిషికి రెండు లక్షల ఇరవై వేల దాకా అయింది. అందులో విమానానికే ఎనభై వేలు పైన. ఇప్పుడు రెండున్నర నుంచి మూడు అనుకుని బయల్దేరండి. డబ్బు విషయంలో మేం పాటించిన పద్ధతి ఒకటి చెప్తాను. బయల్దేరే ముందే తలా ఇంత అని ఒక ఫారెక్స్ కార్డులో వేసి ఒకరికి అప్పగించాం. కాఫీ నుంచి రూము దాకా దాంట్లోంచే. రాత్రి పడుకునే ముందు నోటు పుస్తకంలో లెక్క రాసి అందరికీ చూపించేవాడు. పదకొండు రోజుల్లో డబ్బు గురించి ఒక్క మాట తేడా రాలేదు. కార్డు మెషిన్ "రూపాయల్లో కడతారా" అని అడిగితే వద్దని యూరోలే నొక్కండి, రూపాయలైతే రేటు ఎక్కువ పడుతుంది. యూపీఐ ఈఫిల్ టవర్ టికెట్లకి పనిచేస్తుంది కదా అని కొండల్లో నమ్ముకోకండి. చిల్లర యూరోలు కొన్ని జేబులో ఉండాలి.

తిండికి కందిపొడి, ఊరగాయ, అటుకులు, ఒక చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్ళాం. పాలతో చేసిన స్వీట్లు, నెయ్యి, మాంసం యూరప్‌లోకి తీసుకెళ్ళకూడదు, ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. కరివేపాకు, మామిడిపళ్ళు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరవు. మా ఇంట్లో వాళ్ళు ఎంత బతిమాలినా మాడుగుల హల్వా ఇంట్లోనే వదిలేశాం. కొండెక్కే రోజు తలా మూడు లీటర్ల నీళ్ళు, టోపీ, ఒక రెయిన్ కోటు, దిగేటప్పుడు చీకటి పడుతుంది కాబట్టి తలకి కట్టుకునే లైటు. జులై కదా అని చలి బట్టలు మానొద్దు. 2019లో ఇజెరాన్ కొండ దగ్గర వడగళ్ళు పడి, రోడ్డు మీదికి మట్టి జారి, జులై 26న స్టేజీని మధ్యలోనే ఆపేశారు. ఆ రోజే కొలంబియా కుర్రాడు ఈగన్ బెర్నాల్ పసుపు జెర్సీ అందుకున్నాడు, టూర్ కూడా గెలిచాడు.

సైకిల్ మీద ఆసక్తి లేని మీ స్నేహితుడి విషయం. 2022లో మాతో వచ్చిన నాలుగో అతను అలాంటివాడే, స్టీల్ ప్లాంటులో పని, ఫోటోలంటే ప్రాణం. అతన్ని ప్రతిదానికీ మాతో లాగలేదు. మేం సైకిల్ తొక్కిన రోజు అతను గ్రెనోబుల్ వెళ్ళి, నది మీదుగా కొండకి పోయే గుండ్రటి గాజు బుడగల్లాంటి రోప్‌వే ఎక్కి వచ్చాడు. పారిస్‌లో రెండు రోజులు పూర్తిగా అతని ఇష్టానికే వదిలేశాం, మేమే అతని వెనకాల తిరిగాం. కొండ రోజు మాత్రం నలుగురం కలిసే ఉండాలని ముందే మాట తీసుకున్నాం. ఆ రోజు అందరికంటే ఎక్కువ అరిచింది అతనే. మీవాడిని కూడా రేసు నచ్చాల్సిందేనని ఒత్తిడి పెట్టకండి. అతనికి రెండు రోజులు రాసివ్వండి, ఒక్క రోజు మీకు రాసిమ్మనండి.

జులైలో సెలవు కుదరకపోతే ఇంకో దారి ఉంది. జులై చివర్లోనో ఆగస్టులోనో ఆడవాళ్ళ టూర్ డి ఫ్రాన్స్ మొదలవుతుంది. 2022 నుంచి మళ్ళీ జరుగుతోంది. 2024లో అది ఆల్ప్ దుయెజ్ మీదే ముగిసింది, కాసియా నీవియాడోమా కేవలం 4 సెకన్ల తేడాతో గెలిచింది. జనం తక్కువ, రూములు దొరుకుతాయి, రేసు ఏ మాత్రం తక్కువ కాదు.

చివరిగా జెండా. నిక్షేపంగా పట్టుకెళ్ళండి, కానీ కర్ర వద్దు. 2018లో మేం కెఫేలో కూర్చుని టీవీలో చూసిన ఆ స్టేజీలోనే, ఆల్ప్ దుయెజ్ మీద, ఒక ప్రేక్షకుడి కెమెరా పట్టీ తగులుకుని ఇటలీ రైడర్ నిబాలి పడిపోయాడు. వెన్నుపూస విరిగి రేసు వదిలేశాడు. అతను 2014లో టూర్ గెలిచిన మనిషి. 2021లో మొదటి స్టేజీలో ఒకావిడ కెమెరా వైపు తిరిగి అట్టముక్క చూపిస్తూ రోడ్డులోకి జరిగింది. టోనీ మార్టిన్ దానికి గుద్దుకుని పడ్డాడు, వెనకాల గుంపంతా కుప్పకూలింది. కోర్టు ఆవిడకి 1200 యూరోల జరిమానా వేసింది. ఫోన్ పట్టుకున్న చేయి కూడా రోడ్డు గీత దాటకూడదు. ఫోన్ తెరలో చూస్తుంటే దూరం తెలియదు, రైడర్ ఇంకా అల్లంత దూరాన ఉన్నాడనిపిస్తుంది, అప్పటికే పక్కకి వచ్చేస్తాడు. ముందు వచ్చేవాళ్ళకి ఫోన్ తీయకండి, కళ్ళతో చూడండి.

మేం జెండాకి చెరో కొసా పట్టుకుని రాతి గోడకి ఆనుకునే నిలబడ్డాం. ముందువాళ్ళు పోగానే జనంలో చాలామంది సర్దుకుని దిగడం మొదలుపెట్టారు. మీరు అలా చేయకండి. అరగంట తర్వాత చివరి గుంపు వస్తుంది. చదును దారిలో వేగంగా పోయే స్ప్రింటర్లు, టీము నాయకుల కోసం రోజంతా గాలికి ఎదురు తొక్కినవాళ్ళు, ముందు రోజు పడి మోచేతికి కట్టు కట్టుకున్నవాళ్ళు. వాళ్ళు గెలవడానికి తొక్కడం లేదు. నిర్ణీత సమయంలోపు పైకి చేరకపోతే మర్నాడు రేసులో ఉండరు, అందుకు తొక్కుతున్నారు. నల్ల జెర్సీల మీద ఉప్పు తెల్లటి చారలు కట్టి ఉంది. వాళ్ళలో చివరగా ఒకతను ఒంటరిగా వచ్చాడు. అప్పటికి మా మలుపులో పట్టుమని నలభై మంది లేము. ముసలాయన టీవీ కట్టేసి వచ్చి మా పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు, మా బొబ్బిలి స్నేహితుడు గొంతు పోయేలా "అలే, అలే" అని అరిచాడు. ఆ రైడర్ తలెత్తి జెండా వైపు ఒకసారి చూశాడు, హ్యాండిల్ మీది చేతిలోంచి రెండు వేళ్ళు పైకి లేపాడు, మలుపు తిరిగి పైకి వెళ్ళిపోయాడు. అతని వెనకాల, రేసు వదిలేసినవాళ్ళని ఎక్కించుకునే వ్యాన్ నెమ్మదిగా ఎక్కుతూ వచ్చింది. లోపల ఎవరూ లేరు.